పేరు చెప్పు బిడ్డా

పోయిన నెలలో ఒక ఆదివారం మా అత్తమ్మ వెళ్ళిపోయింది. ఉదయం టీ తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, "జర నడుం వాలుస్త. పిల్ల లేస్తే నన్ను లేపమను" అంది. మా అమ్మాయి లేచింది, వెళ్ళి లేపింది. ఆమె లేవలేదు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. బాధ తెలిసి ఉండదని కూడా అన్నాడు. ఆ రెండో మాట పట్టుకునే మేం ఆ రోజంతా నిలబడ్డాం.

మధ్యాహ్నానికల్లా కిషన్‌బాగ్‌లో మేముండే అపార్ట్‌మెంటు మెట్లు జనంతో నిండిపోయాయి. బంధువులు కొద్దిమందే. ఎక్కువమంది చాంద్రాయణగుట్ట నుంచి వచ్చినవాళ్ళు. అక్కడి ఒక బస్తీలో అత్తమ్మ చాలాకాలం అంగన్‌వాడీ టీచరుగా చేసింది. గడ్డాలు పెరిగిన మగపిల్లలు, చంకన బిడ్డలున్న ఆడపిల్లలు, బురఖాల్లో కొందరు, ఆఫీసు ట్యాగులు మెడలో వేలాడుతూ కొందరు. అందరూ ఒకప్పుడు ఆమె ముందు చాప మీద కూర్చుని పాటలు పాడిన చిన్నపిల్లలే. ఆటో నడిపే ఒకతను నా దగ్గరికొచ్చి, "నాకు గుండీలు పెట్టుకునుడు టీచరమ్మనే నేర్పింది మేడం" అన్నాడు. తన చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆమె గురించి పేపర్లో ఎవరూ రాయరు. నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. గవర్నమెంటు ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాను. ఆఫీసులో పరిచయమైన మనిషిని ఇష్టపడి చేసుకున్నాను. ఆయన వాళ్ళది తాతల కాలం నుంచి పాతబస్తీలో ఉన్న కుటుంబం. రాష్ట్రం విడిపోవాలా కలిసుండాలా అని ప్రతి ఇంట్లో, ప్రతి టీకొట్టులో మాట మీద మాట పెరుగుతున్న రోజులవి. అలాంటప్పుడు నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మా అమ్మ నేర్పి పంపించినట్టు మొదటిరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారండీ, కాఫీ పెట్టమంటారా అండీ?" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వింది. "గంత పొడుగు పిలుస్తే నేను పలికేసరికి పాలు పొంగిపోతయ్ బిడ్డా. అత్తమ్మా అను, చాలు. ఇంకోటి, మా ఇంట్ల కాఫీ లేదు. చాయ్ పెడ్తవా?"

ఆ రోజు నుంచి ఆమె నాకు అత్తమ్మే.

పెళ్ళయిన కొత్తలో ఒక ఫంక్షన్‌కి వెళ్ళాం. భోజనాల దగ్గర నేను కూర వడ్డిస్తున్నాను. మా ఆయనకి వరసకు పెద్దనాన్న అయ్యే ఆయన, నేను వింటుండగానే, "ఆంధ్రోళ్ళు మస్తు హుషారుంటరు, మన నోట్లది మన నోట్ల ఉండంగనే గుంజుకుంటరు" అన్నాడు. పంక్తిలో నలుగురు నవ్వారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తమ్మ ఆయన ఎదురుగా కూర్చుని తింటోంది. తల ఎత్తి, మూడేళ్ళ పిల్లాడిని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఎవరు బావా? పేరు చెప్పు."

"అంటే... గాళ్ళంతా గంతే కదా."

"గాళ్ళంటే ఎవరు? నీ నోట్లది గుంజుకున్నోళ్ళ పేరు ఒకటి చెప్పు. గీ పిల్లనైతే నీ ప్లేట్ల కూర ఏసుకుంట నిలవడ్డది."

ఆయన నీళ్ళు తాగాడు. అత్తమ్మ కోపం తెచ్చుకోలేదు, మాట పెంచలేదు. నావైపు తిరిగి, "బావకు ఇంకొంచెం ఎయ్యి" అని తన అన్నం తను కలుపుకుంది.

ఆమె ఆ మాట నా తరఫున అడిగిందని మురిసిపోయాను. కొన్నాళ్ళకి అదే ప్రశ్న నాకూ తగిలింది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి సంచి మోసుకొచ్చి కుర్చీలో కూలబడి, "ఇక్కడివాళ్ళకి మాటలో మర్యాద ఉండదండీ" అన్నాను.

"ఎవరు? పేరు చెప్పు."

పేరు నాకేం తెలుసు? మార్కెట్ గేటు పక్కన టమాటాలమ్మే ముసలాయన అని చెప్పాను.

"ఆయననా!" అని ఆమె నా చేతిలో చెయ్యి వేసి చరిచింది. "ఆయన మొరటోడే. నిజమే. మంచిగ పట్టుకున్నవ్. నేను గూడ ఆయన తాన కొనుడు బంద్ వెట్టిన."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఒక్కడిమీద కోపం ఒక్కడిమీదే ఉంటే ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఈ అలవాటు ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో నేను సెలవు పెట్టి ఆమెతోపాటు అంగన్‌వాడీకి వెళ్ళిన రోజు చూశాను. రేకుల కప్పున్న ఒక గది. గోడ మీద ఏనుగు బొమ్మ, దాని తొండం మీద పిల్లల చేతి మరకలు. ఆ బస్తీలో రెండు గల్లీలున్నాయి, మురుగుకాలవకి ఈవల ఒకటి, ఆవల ఒకటి. ఒక పిల్లాడు చాప మీద పక్కకి జరిగి, "టీచరమ్మా, నేను ఈడ కూసోను. గా గల్లీవోళ్ళు గలీజుంటరు" అన్నాడు. నాలుగేళ్ళు ఉంటాయేమో. నేనైతే అలా అనకూడదు నాన్నా అని ఉండేదాన్ని. అత్తమ్మ వాడి ముందు గొంతుక్కూర్చుంది.

"ఎవరు బిడ్డా? పేరు చెప్పు."

వాడు ఆలోచించాడు. వెతికి వెతికి ఒకడిని చూపించాడు. "వీడు. వీని ముక్కు కారుతది."

"ఒక్కడే గదా! దా, వీని ముక్కు తుడుద్దాం."

ఇద్దరూ కలిసి వెళ్ళి తుడిచారు. గుడ్డ పట్టుకున్నది చాప మీద కూర్చోనన్న పిల్లాడే. తుడవడం అయ్యాక వాడు చాలా గర్వంగా ఆ ముక్కు పక్కనే కూర్చున్నాడు.

దారిలో నేను, "అంత చిన్నపిల్లలకి ఈ ఆలోచన ఎవరు నేర్పుతారు అత్తమ్మా?" అని అడిగాను.

"కొంచెం ఇంట్ల నేర్చుకుంటరు. కొంచెం వాళ్ళకే వస్తది," అంది. "పిల్లలకు నోట్ల పండ్లు రావా? గట్లనే. మనోళ్ళు, పరాయోళ్ళు అనుడు అందరు పిల్లలకు వస్తది. వచ్చిందని భయపడొద్దు. కొరకకుండ చూసుకోవాలె."

ఆ మాట నాకు మా అమ్మాయి సిరి పుట్టాక అవసరపడింది.

అప్పటికి అత్తమ్మ రిటైరై ఇంటిపట్టున ఉంది. రిటైరైనా అలవాట్లు పోలేదు. ఏ పెళ్ళికి వెళ్ళినా హాల్లోకి అడుగుపెట్టగానే పెదాలు కదుపుతూ పిల్లల్ని లెక్కపెట్టుకునేది. బస్సులో పక్కసీటు పిల్లకి రిబ్బను ఊడితే, తల్లిని అడగకుండానే జడ విప్పి మళ్ళీ అల్లేది.

మా కింది ఫ్లాటులో సిరి వయసు పాప ఉంది. పేరు అఫ్రీన్. ఇద్దరిదీ ఒకటే బడి. నడవడం వచ్చినప్పటినుంచీ ఇద్దరూ మా మెట్ల మీదే పెరిగారు. ఒకటో తరగతిలో, తెలుగు పీరియడ్‌కి కొందరు ఒక గదికి, ఉర్దూ పీరియడ్‌కి కొందరు ఇంకో గదికి వెళ్ళడం మొదలైంది. బడివాళ్ళు చేసింది అంతే. మిగతాదంతా పిల్లలే కట్టుకున్నారు. సిరి రోజుకో సంగతి మోసుకొచ్చేది. ఆ గదిలో ఫ్యాను ఎక్కువ తిరుగుతుందట. వాళ్ళకి తెలుగు అక్షరాలు కంటికి కనపడవట. మేమందరం వేరువేరుగా ఉంటాం కానీ వాళ్ళందరూ ఒకటేలా ఉంటారట. మా రూము సీక్రెట్లు వాళ్ళకి చెప్పకూడదట.

నేను దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మనుషులందరూ సమానమేనని, అందరి రక్తం ఎర్రగానే ఉంటుందని చెప్పాను. బుద్ధిగా వింది. "సరేనా?" అంటే, "సరే, అందరూ సమానమే. కానీ వాళ్ళు వేరే" అంది.

అత్తమ్మ మంచం మీద నుంచి, "పాఠం మంచిగనే అప్పజెప్పింది" అంది.

ఒకరోజు సాయంత్రం అఫ్రీన్ గెంతే తాడు పట్టుకుని పైకి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. గుమ్మంలో సిరి గొంతు వినపడింది. "నువ్వు మా వాళ్ళు కాదు. మా ఇంటికి రావద్దు. మీ రూమువాళ్ళతో ఆడుకో." నేను చేతులు తుడుచుకుని పరిగెత్తేసరికి అఫ్రీన్ సగం మెట్లు దిగిపోయింది. తాడు ఒక కొస ఆ పిల్ల చేతిలో ఉంది. రెండో కొస ఒక్కొక్క మెట్టు మీద తగులుతూ వెనకాల దిగుతోంది.

మర్నాటి నుంచి వాళ్ళమ్మ మెట్ల మీద కనపడితే తల దించుకుని వెళ్ళిపోయేది. నెమ్మది మనిషి. పండక్కి సేమ్యా పంపేది, మా కొరియర్లు అందుకుని జాగ్రత్తగా దాచిపెట్టేది. నాకు తిండి సయించలేదు. సిరి చెయ్యి పట్టుకుని, "పద, వెళ్ళి సారీ చెప్పు" అని లాగాను. అత్తమ్మ ఆపింది.

"ఇప్పుడు గుంజుకపోతే సారీ అంటది. నోటికొస్తది, గంతే. పెద్దోళ్ళు బాధపడ్డరు, పెద్దోళ్ళ తాన నేను పోత. పిల్లల ముచ్చట పిల్లలకిడిసిపెట్టు."

ఆమెకి మోకాళ్ళ నొప్పులు. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. నేను పైన గుమ్మంలో నిలబడ్డాను. కింద తలుపు తెరుచుకున్న చప్పుడయ్యింది. మనవరాలు తప్పు మాట్లాడిందని అత్తమ్మ ఉర్దూలో మొదలుపెట్టింది. "బేటీ, మేరీ పోతీ గలత్ బోలీ..."

అఫ్రీన్ వాళ్ళమ్మ గొంతు తెలుగులో పలికింది. "అట్ల నిలబడద్దమ్మా, మోకాళ్ళు నొప్పంటివి కదా. రా, లోపలికొచ్చి కూర్చో."

"అయ్యో, నీకు తెలుగొస్తదా!"

"మాది ఆదోని అమ్మా. తెలుగు రాకుండా ఎట్లుంటాది?"

"మరి గిన్నొద్దులు ఒక్క ముక్క మాట్లాడకపోతివి?"

"మీరంతా ఉర్దూలో మాట్లాడిస్తిరి. నేనూ ఉర్దూలోనే చెప్తిని."

తలుపు మూసుకుంది. అత్తమ్మ చాలాసేపటికి గానీ పైకి రాలేదు. వస్తూనే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అఫ్రీన్ వాళ్ళమ్మ మాట్లాడే ఉర్దూలో తెలుగు యాస ఉంటుందని అత్తవారింట్లో ఆటపట్టిస్తారట. ఆడబిడ్డలు ఆమెని పేరు పెట్టి కాక 'ఆంధ్రావాలీ' అని పిలుస్తారట. "నీ లెక్కనే బిడ్డా. నిన్ను మనింట్ల అన్నట్టే ఆమెను వాళ్ళింట్ల అంటరట. ఇద్దరు కోడండ్లు ఒక్కరి ఇంటి మీద ఒక్కరు ఇన్నేండ్లు ఉన్నరు. నాకు గూడ తెల్వకపాయె."

సిరికి వెంటనే చెప్పేద్దామని లేచాను. "చెప్పకు," అంది. "ఇప్పుడు చెప్తే గది నీ పాఠం అయితది. దానికి అక్కర వడ్డప్పుడు చెప్దాం."

ఆ అక్కర బతుకమ్మ నాడు వచ్చింది. మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళాం. తంగేడు పూలు, గునుగు పూలు గదినిండా పరిచి అందరూ పేరుస్తున్నారు. నేను ఆటలోకి దిగబోతుంటే, మా ఆడపడుచు కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, ఏ దురుద్దేశమూ లేకుండా సిరితో అంది. "మీ అమ్మకు బతుకమ్మ ఆడరాదు. ఆమెది ఆంధ్ర గదా, మనోళ్ళు కాదు."

నేను ఆడాను. పాట నోటికి రాకపోయినా చప్పట్లు తప్పకుండా ఆడాను. సిరి మాత్రం గోడవారగా నిలబడి నన్నే చూస్తోంది. ఇంటికొచ్చాం. చెప్పులు విడుస్తూ అడిగింది.

"అమ్మా, నువ్వు మనవాళ్ళు కాదా?"

ఎవరెవరో ఎన్నోసార్లు అన్న మాటే. కన్నబిడ్డ నోటినుంచి అది ఇంత లోతుకి దిగుతుందని అనుకోలేదు.

"మరి నేను? సగం సగమా?" అంటూ అది రెండు చేతులూ ముందుకి చాపింది. బోర్లించింది, తిప్పింది. "ఏ చెయ్యి ఆంధ్ర?"

అలాంటివేం ఉండవమ్మా అనబోయాను. అత్తమ్మ కళ్ళతోనే వద్దంది. సిరిని దగ్గరికి పిలిచి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ అటూ ఇటూ పరీక్షగా చూసింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"గిది మస్తు కష్టమైన సవాలు బిడ్డా. నాకు తెల్వది."

"నీకూ తెలీదా నానమ్మా?"

"తెల్వది. మా అమ్మ, మా బాపు ఇద్దరు ఈడోళ్ళే. నాకు గీ తక్లీఫ్ రాలె. రెండు దిక్కులున్నోళ్ళనడగాలె."

"ఎవరున్నారు?"

"కింద అఫ్రీన్ ఉంది గదా. వాళ్ళమ్మది ఆదోని. అది గూడ ఆంధ్రనే."

సిరి నోరు తెరిచింది. ఆ చిన్న బుర్రలో ఏవేవో గోడలు చోటు మారుతున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదిలాయి. "అఫ్రీన్ కూడా సగమా?"

"నాకేం తెల్సు? పొయ్యి అడుగు."

ఆ రోజు వెళ్ళలేదు. పౌరుషం. మర్నాడు బడికి సెలవు. రెయిలింగు పట్టుకుని కిందికి తొంగిచూసింది, వెనక్కి వచ్చింది. రెండు మెట్లు దిగి మళ్ళీ వచ్చింది. నేను లేవబోతే అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. "పోకు." చివరికి కింద బెల్లు మోగింది. ఎంతసేపటికీ పిల్ల రాకపోయేసరికి ఇద్దరం నెమ్మదిగా వెళ్ళి చూశాం. మెట్ల మలుపులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నాలుగు అరచేతులూ మోకాళ్ళ మీద పరుచుకుని ఉన్నాయి. అఫ్రీన్ స్కెచ్ పెన్నుతో సిరి బొడ్డు మీద గీత గీస్తోంది.

పైకొచ్చాక సిరి మాకు వివరంగా చెప్పింది. అన్నం తినిపించేది అమ్మ కాబట్టి కుడిచెయ్యి అమ్మది. ఎడమచెయ్యి నాన్నది. కాళ్ళు మాత్రం హైదరాబాదువి, ఎందుకంటే అవి ఇక్కడే నడిచాయి.

"మరి పొట్ట?" అంది అత్తమ్మ, చాలా సీరియస్‌గా.

"పొట్టకి ఇంకా ఏం అనుకోలేదు. రేపు అనుకుంటాం."

"సారీ చెప్పావా?" అని నేను అడిగాను.

"చెప్పలేదు. తాడు తెచ్చుకోలేదా అని అడిగా. నువ్వు రావద్దన్నావు కదా అంది. తెచ్చుకో అన్నా. తెచ్చుకుంది."

అత్తమ్మ నావైపు చూసింది. ఆ చూపులో తను గెలిచాననే గర్వం లేదు. బిడ్డకి జ్వరం దిగాక నుదుటి మీంచి చెయ్యి తీసే మనిషి చూపులా ఉంది. ఆ సాయంత్రం నేను కింది ఫ్లాటుకి వెళ్ళాను. మొదటిసారి తెలుగులో, "ఏం వండారు ఇవాళ?" అని అడిగాను. "ఉగ్గాని. తింటావా?" అంది అఫ్రీన్ వాళ్ళమ్మ. తిన్నాను.

అంతటితో పిల్లలు మహాత్ములైపోయారని చెప్పను. తర్వాతి వారానికే ఇద్దరూ కలిసి మూడో అంతస్తు పిల్లలతో మాట్లాడకూడదని తీర్మానం చేశారు. నేను నెత్తి పట్టుకున్నాను. అత్తమ్మ మంచం మీద విరగబడి నవ్వింది. "మళ్ల షురువైంది! దాండ్రి ఇద్దరు, ఎవరో పేర్లు చెప్పుండ్రి" అని పిలిచింది.

ఇప్పుడు సిరికి పదేళ్ళు. ఆ ప్రశ్న నాకు కూడా అంటుకుంది. ఆఫీసులో ఎవరైనా "వాళ్ళంతా అంతే మేడం" అంటే నా నోరు ఊరుకోదు. "ఎవరండీ? పేరు చెప్పండి" అంటాను. ఈమెతో మాట్లాడ్డం కష్టమని నాకు పేరొచ్చింది. రానీ. చిన్నపిల్లల్నీ పెద్దవాళ్ళనీ అత్తమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. ఎవరినీ చిన్నబుచ్చలేదు. ఆ ఓర్పు నాకింకా రాలేదు, ప్రశ్న మాత్రం వచ్చింది.

ఆమెని తీసుకెళ్ళిన సాయంత్రం అఫ్రీన్ వాళ్ళమ్మ నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత, "ఏడువు. లోపల పెట్టుకోవద్దు" అంది. మా అమ్మ ఫోన్లో అదే మాట అంది. నాకు ఆ ఇద్దరి గొంతులూ ఒకటిగానే వినిపించాయి.

దినకర్మలయ్యాక అత్తమ్మ మంచం కింద ఒక సంచి కనపడింది. పాత చీరలు చింపి కుట్టిన గుడ్డ బంతులు. అంగన్‌వాడీ పిల్లల కోసం ఎప్పుడూ ఏదో ఒకటి కుట్టి పంపుతూ ఉండేది. పోయిన వారం సెలవు పెట్టి ఆ సంచి తీసుకుని చాంద్రాయణగుట్ట వెళ్ళాను. ఇప్పుడున్న టీచరు చిన్నమ్మాయి. నన్ను గోడవారన చాప మీద కూర్చోబెట్టి, పిల్లలకి అన్నం పెడుతూ, మధ్యమధ్యలో నాకు ఓదార్పు మాటలు చెబుతోంది. ఉడికించిన గుడ్ల వాసనతో గది వెచ్చగా ఉంది. ఒక పాప, మూడేళ్ళు నిండాయో లేదో, కంచం రెండు చేతులా పట్టుకుని తిన్నగా నా దగ్గరికి నడిచొచ్చింది. వెనక్కి తిరిగి నా ఒళ్ళో కూర్చుంది. కాసేపు తన తిండి తను తింది. తర్వాత పచ్చసొన చిన్న ముక్క వేళ్ళతో విరిచి, తల పైకెత్తి, నా నోట్లో పెట్టింది. నేను సరిగ్గా నములుతున్నానో లేదోనని, తన నోరు తెరుచుకుని, నా నోటివంకే చూస్తూ కూర్చుంది.